ఇంకో యాభై అడుగులు

మూడువేల నూట ఇరవై మీటర్లు.
ఉలవపాడు దాటి, సరుగుడు తోపుల వెనక,
సముద్రం వినపడేంత దూరంలో
నా డబ్బు దిగిన లోతు అది.
అంత లోతుగా నేను దేన్నీ ఆలోచించి ఎరగను.

కందుకూరులో మందుల షాపు నాది.
జ్వరం బిళ్ళ ఇవ్వాలన్నా
చీటీ రెండుసార్లు చదివే మనిషిని.
కంపెనీ కాగితం మాత్రం ఒక్కసారే చదివాను,
అదీ నచ్చిన చోటల్లా ఆగుతూ.
విజయావకాశం నూటికి ఇరవై రెండు అని ఉంది.
ఇరవై రెండు కనపడింది.
డెబ్బై ఎనిమిది అచ్చువేయలేదు వాళ్ళు,
అది నేను వేసుకోవాల్సిన లెక్క.

మా నాయన పామూరు మెట్టలో ఏడు బోర్లు వేశాడు.
అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని
చేనంతా తిరిగిన వెంగయ్య
కాయ లేచి నిలబడ్డ చోట మడమతో నొక్కి
"ఇక్కడ రెండించుల నీళ్ళు, రాసిపెట్టుకో" అనేవాడు.
నా వెంగయ్యకు ల్యాప్‌టాప్ ఉంది.
భూమిలోకి ప్రకంపనలు పంపి తీసిన బొమ్మలో
ఎర్రమచ్చ మీద వేలు పెట్టి
అతనూ అంతే నమ్మకంగా చెప్పాడు.
ఇద్దరూ అబద్ధమాడలేదు.
ఇద్దరి ఫీజూ ముందే చెల్లింది.

బోరు లారీకి అడుగుకింత.
నీళ్ళు పడ్డా అంతే, దుమ్ము లేచినా అంతే.
తెల్లటి రాతిపొడి అమ్మ తలమీదా గేదె వీపుమీదా
పిండిలా రాలుతుంటే
నాయన లారీ పక్కన వంగి నిలబడి
"అబ్బయా, ఇంకో యాభై అడుగులు" అనేవాడు.
నాకప్పుడు పదేళ్ళు. నవ్వొచ్చేది.

అరవై నాలుగుకి కొన్న షేరు నలభై ఒకటైతే
ఇంకొన్ని కొన్నాను.
ముప్పైకి మరికొన్ని.
సగటు తగ్గించడం అంటారు దాన్ని.
నాయన చేసినదానికి పేరు లేదు, అంతే తేడా.

ఒక రాత్రి మంట వచ్చిందని కబురు.
మాల్యాద్రీ నేనూ స్కూటర్ మీద వెళ్ళాం.
కంచె బయటినుంచి చూస్తే
గొట్టం చివర నీలంగా, పసుపుగా,
పెళ్ళివంట పొయ్యంత.
"తగిలిందన్నా" అని మాల్యాద్రి చేతులు జోడించాడు.
గంటలోపే ఆరింది.
ఆ గంటలో ఎంతమందికి ఫోన్లు చేశానో!
మా షాపులో పనిచేసే మస్తాన్
చెల్లెలి నర్సింగ్ ఫీజుకని దాచిన లక్షా పదివేలు
నా మాట మీద పెట్టాడు.
మంట కళ్ళారా చూశానని చెప్పాను.
అది నిజమే.

పదకొండో రోజు కంపెనీ రెండు వాక్యాలు రాసింది.
గిట్టుబాటు కాని జాడలు.
కింది పొరల్లో ఉప్పునీరు.
ఉప్పునీరు!
పక్కన సముద్రాన్ని పెట్టుకుని
మూడు కిలోమీటర్లు తవ్వి తెచ్చుకున్నాం.

పాఠాలా? ఉన్నాయి, ఫీజు కట్టాను కదా.
అడుగుకింత తీసుకునేవాడు మునగడు.
పోయినా పర్వాలేదనుకున్నంతే పెట్టమంటారు,
ఎంతైతే పర్వాలేదో పోయాకే తెలుస్తుంది.
రాత్రిళ్ళు నన్ను లేపేవి ఇవి కావు.
గడువు తీరిన మందులు వేరుచేస్తూ
మస్తాన్ ఒకసారి
"వాళ్ళకి ముందే తెలీదా సార్?" అన్నాడు.
ఫీజు నేను కడతానంటే
"వద్దు సార్, మీరూ పోగొట్టుకున్నారుగా" అన్నాడు.

మొన్న వెళ్ళి చూశాను.
సిమెంటు దిమ్మె, ఇనప పలక, నంబరు, తేదీ.
మేకపిల్లొకటి దానిమీదెక్కి నిలబడింది.
ఏడో బోరు వట్టిపోయిన సాయంత్రం
నాయన గోనెపట్టా కప్పి, బండ దొర్లించి
"పిల్లలు పడతారు" అన్నాడు.
డబ్బు మాటే ఎత్తలేదు.

షేరు ఇవాళ ఏడు రూపాయల ఇరవై పైసలు.
కంపెనీ మరో బావి వేస్తుందట,
ఈసారి సముద్రంలోనే.
పొద్దున్నే మాల్యాద్రి ఫోను.
షట్టర్ సగమే ఎత్తాను.
దాని కింద వంగి నిలబడి
వింటున్నాను.