కనపడే చోట ఉండదు

మొదటి దినం పుట్టి నా మాట వినలేదు.
తెడ్డు కుడికేస్తే ఎడమకు,
ఎడమకేస్తే కుడికి,
సుంకేసుల దిగువ మడుగులో
తిరగలిరాయి మాదిరి గిరగిరా
నేనూ, నా పదిహేనేళ్లూ.

గట్టు మీద మౌలాలి మామ నవ్వలేదు.
ఆరిన బీడీ చెవి సందున దోపుకొని
"పక్కలకెందుకు పొడుస్తావు పాపా,
ముందరి నీళ్లను కడుపుకాడికి లాక్కో" అన్నాడు.

నీళ్లు వెనక్కి, పుట్టి ముందుకి.
చర్య, ప్రతిచర్య. మూడో సూత్రం.
తొమ్మిదిలోనే బట్టీ పట్టినాను.
చేతులకు మాత్రం ఆ సంగతి
ఆ పొద్దు దాకా ఎవరూ చెప్పలేదు.
రాత్రి వేడి సంగటి ముద్ద పట్టుకుంటే
అరచేతి బొబ్బలు చురుక్కుమన్నాయి.
ఊరుమిండిలో కారం ఎక్కువైందని
అమ్మతో అబద్ధమాడి కండ్లు తుడుచుకున్నాను.

వల ఇంకా మొండిది.
సగం మోచేతి మీద, సగం కుడిచేతిలో,
అంచు పండ్ల మధ్య.
వదలాల్సిన గడియకు నోరు తెరవడం మరిస్తే
సీసం గుండు పెదవికి తగులుతాది.
తగిలింది.
"భుజంతో గాదు, నడుముతో."
వల పడింది, తడిసిన దుప్పటి మూటగా.
మళ్లా మూట.
మళ్లా.
నలభై మూడోసారి
కాలి బొటనవేళ్లు రాయిని కరుచుకున్నాయి,
నడుము దానంతటదే తిరిగింది,
దోసెలాయన పెనం మీద పిండి తిప్పినట్టు
గాలిలో గుండ్రంగా పరుచుకుంది వల.
చిక్కినవి రెండు పరకలు, ఒక ప్లాస్టిక్ చెప్పు.

తెల్లారుజామున చేపలు పైకొచ్చి
నోళ్లు తెరుస్తా ఉంటే
ఆకలేమో అనుకున్నాను.
"ఊపిరాడక. రాత్రంతా పాచి గూడా
వాటితో పోటీపడి గాలి తాగుతాది.
పొద్దు పొడిస్తే అదే మళ్లా తిరిగిస్తాది.
ఊపిరాడని దాని మీద వల వేయకూడదు."
కిరణజన్య సంయోగక్రియ, అన్నాను.
రెండుసార్లు పలికి చూసి వదిలేసినాడు.
పొద్దెక్కేదాకా ఇద్దరం రాయి మీద
బొరుగులు తింటా కూచుంటిమి.

ఈటెతో అయితే మరీ అవమానం.
కండ్ల ముందరే ఉంది కొర్రమీను.
పొడిస్తే ఇసుక.
"కనపడే చోట ఉండదు పాపా, కింద ఉంటాది.
మూడు జానలని తోస్తే
నాలుగని పొడువు."

బడిలో శేషారత్నం మేడమ్
గాజుగ్లాసు నీళ్లలో పెన్సిలు విరిచి చూపించి
వక్రీభవన గుణకం, నీటికి,
ఒకటి పాయింటు మూడు మూడు, రాసుకోండి అన్నప్పుడు
నా కలం ఆగింది.
మార్జినులో నాలుగును మూడుతో భాగించినాను.
మూడు, మూడు, మూడు...
ఎంతకూ తెగలేదు.
"జానలు మేడమ్!" అని లేచి అరిచినాను.
తరగతంతా గొల్లుమంది.
నా జడలో చేపల వాసనని
వెనకబెంచి ఉరుకుందు ముక్కు మూసుకున్నాడు.
మేడమ్ సుద్దముక్క నా చేతికిచ్చింది.

సాయంత్రం పరిగెత్తిపోయి మామకు చెప్పినాను.
వల చిక్కు తీస్తానే విన్నాడు, శానాసేపు.
"ఆ లెక్క కట్టినోడు ఎవురో గానీ
వాళ్ల నాయన బెస్తాయనే అయ్యుంటాడు."

ఆషాఢం పోయినాక పైన గేట్లెత్తినారు.
ఎర్రనీళ్లు.
మా మడుగు, మేం కూచున్న రాయి,
ఏదెక్కడుండేదో ఆనవాలు లేదు.
చెయ్యి ముంచితే నా వేళ్లే నాకు కనపడలేదు.
మామ గాలం దారాన్ని
నా చూపుడువేలికి ఒక చుట్టు చుట్టినాడు.
"ఇప్పుడు చెప్పు, ఎన్ని జానలు?"
"తెలీదు మామా."
"కండ్లు మూసుకో."

మూసుకున్నాను.
దారం అవతల ఏదో
నన్ను ఒకసారి ముట్టి చూసి
ఆగింది.