రెండు వందల మీటర్లు

సచివాలయం నుంచి కాగితం వచ్చిన రోజు
రాజేంద్రనగర్‌లో వాన లేదు, ఒకటే ఉక్కపోత.
"అభ్యంతరం లేదు" అని ఉంది అందులో.
సంతకం మీద ముద్ర కొంచెం పక్కకి జారింది.
ఎవరికి లేదో రాయలేదు.

నా పని టేపు పట్టడం.
ప్లాటు గట్టు నుంచి బుద్వేల్ స్టేషన్ దిక్కుకి
రెండు వందల మీటర్లు,
ఆ లోపల మరో మక్క మొక్క ఉండకూడదు.
నూట ఎనభై ఆరు దగ్గర
వాచ్‌మన్ చెన్నబస్వయ్య గది వెనకాల
నాలుగున్నాయి, మనవరాలి కోసం వేసుకున్నవి.
నేను అడగకముందే ఆయనే పీకాడు.
"అడ్డంకులు లేవు" అని రిజిస్టర్లో రాస్తుంటే
గోడకి ఆనించిన వేళ్ల నుంచి తడిమట్టి
రాలుతూనే ఉంది.

గాలికి కూడా ఒక గడి ఉంది రిజిస్టర్లో.
దిక్కు, వేగం.
పొద్దున ఎనిమిదింటికోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి.
మిగతా వేళల్లో అది ఎటు పోయొచ్చిందో
నన్నెవరూ అడగలేదు.

మంత్రిగారు వచ్చినప్పుడు షామియానా వేశారు.
శాలువాలు, మైకు, కూలర్లో ఐసుగడ్డ.
"మన ప్రభుత్వం ఈ ప్రయోగాలకు అండగా ఉంటుంది"
అన్నప్పుడు చప్పట్లు మోగాయి.
వెనక ఎండలో, కాగితపు సంచుల కట్ట చంకలో పెట్టుకుని
అంతమ్మ నా చెవి దగ్గర అడిగింది:
"అండ ఈడిదాంక రాదా సారూ?"
నవ్వాపుకోడానికి దగ్గాను.

గేటు బయట ప్లకార్డులు పట్టుకున్న పిల్లలు.
ఒకడు నీళ్లడిగితే నా సీసా ఇచ్చాను.
"లోపల ఏం చేస్తున్నారన్నా?" అన్నాడు.
"లెక్క పెడుతున్నాం" అన్నాను.
నిజంగా అంతే.

అబద్ధం చెప్పను.
మామూలు వరసల్లో కత్తెర పురుగు
ఒక్కో ఆకును బస్ టికెట్ లాగా చిల్లులు కొట్టి వదిలింది.
పక్క వరసల్లో ఆకులు నిండుగా, అంచుదాకా.
ఎవరూ చూడనప్పుడు
వాటి మీద వేళ్లు పోనిచ్చాను, చాలాసేపు.
ఎందుకో భయం కూడా వేసింది.
ఆ సంగతి రాయడానికి గడి లేదు.

అంతమ్మ జల్లులకు సంచులు తొడిగేది,
పసిపిల్లకు టోపీ కట్టినట్టు, ముడి బిగించకుండా.
ఓ రోజు ఖుద్సియా మేడంని అడిగింది:
"మా ఆయన చేవెళ్ల కాడ మక్కల మందు కొట్టి కొట్టి
ముక్కుల వాసన పోగొట్టుకున్నడు.
ఇది గెలిస్తే ఆ డబ్బా మోసుడు తప్పుతదా?"
మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.
తిరిగి పెట్టుకోకుండానే అంది:
"తెలీదు అంతమ్మా. తెలుసుకోడానికే."
షామియానా కింద అంత చిన్న మాట
ఎవరి నోటా రాలేదు.

ఆఖరి రోజు గొయ్యి తవ్వించారు.
తూకం వేసి, లెక్క రాసి,
మిగిలిందంతా కాల్చేయాలి, నియమం.
ఒక్క గింజ గేటు దాటకూడదు.
కూలీలందరూ కొంగులు దులిపారు,
చెన్నబస్వయ్య చెప్పులు కూడా దులిపాడు.
డీజిల్ పోసి నిప్పంటించాం.

మొదట నల్లపొగ. డీజిల్ కంపు.
అది తగ్గాక,
ఆలస్యంగా కాసిన కంకుల్లో ఇంకా పాలున్నట్టున్నాయి,
ఆరాంఘర్ చౌరస్తాలో ముసురు పట్టిన సాయంత్రం
బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్దిచ్చే
ఆ వాసన.
అదే. అచ్చంగా అదే.
పొద్దుట్నుంచి ఎవరమూ ఏమీ తినలేదు.
మేడం మొహం పక్కకి తిప్పుకుంది.
నోట్లో ఊరిన నీళ్లు మింగాం, పన్నెండు మందిమి,
గొయ్యి చుట్టూ నిలబడి,
ఏదో తప్పు చేసినవాళ్లలా.

సాయంత్రం గేటు దగ్గర అంతమ్మ
తన కొంగు తనే వాసన చూసుకుంది.
"ఇంటికి పోతే అందరడుగుతరు
మక్కలేవని,"
అని ఆగి,
"ఆయన తప్ప" అంది.
ఏడున్నర బస్సు వచ్చింది.
పొగతో పాటే ఎక్కింది.