రోజుకొక అడుగు

నెలలో మొదటి మంగళవారం
నా లారీకి ఇరవై రెండు ఇళ్ళు.
మొదటిది ప్రూడెన్స్ ఎల్‌డ్రిడ్జ్‌ది.
ఎనభై దాటినా తలుపు తనే తీస్తుంది,
"వచ్చావా ఆన్సెల్మో, నా బంగారం పట్టుకుపోవడానికి" అంటుంది.
గరాజులో నీలం డ్రమ్ము.
స్నానాలగదిలో కొత్త పీటకి రెండు దారులు:
ముందుది ఈ డ్రమ్ములోకి, వెనకది పాత తొట్టికి.
గొట్టం బిగిస్తాను. పదకొండు గ్యాలన్లు.
ముక్కు మూసుకోవడం మానేసి మూడేళ్ళయింది.

కేప్ కాడ్‌లో మా ఊరు ఇసుక మీద కూర్చుంది.
ఇసుకకి రహస్యం దాచడం రాదు.
ప్రతి ఇంటి వెనకా పూడ్చిన తొట్టి,
తొట్టిలోంచి ఊరిన నీరు
రోజుకొక అడుగు చొప్పున
ఉప్పుటేరు వైపు నడుస్తుంది.
వాసన పోతుంది, రంగు పోతుంది,
నత్రజని మాత్రం పోదు.
ఇన్నాళ్ళూ కడుపులో నీళ్ళు కదలకుండా బతికాం.
కింద కదులుతూనే ఉన్నాయి.

మా తాత మాన్వెల్ ఈ ఏట్లో స్కాలప్‌లు పట్టాడు.
చిప్ప అంచంతా నీలి కళ్ళట,
చెయ్యి పెడితే అన్నీ ఒకేసారి చూసేవట.
నీటి అడుగున గడ్డి తెడ్డుకి చుట్టుకునేదట.
నాకు తెలిసింది ఆకుపచ్చ జిగురు నాచే.
ఒక ఆగస్టు రాత్రి ఊపిరాడక పీతలు
గుంపుగా ఒడ్డెక్కాయి,
తలుపు కొట్టడానికి వచ్చినట్టు.

ఊరి సభలో, వీధి వీధీ తవ్వి
మురుగు పైపులు వేద్దామన్నారు.
ఇంటికెంతో చదివి వినిపిస్తే
నర్సు ఇలీన్ లేచింది:
"అది కట్టాలంటే నా ఇల్లు అమ్ముకోవాలి.
అమ్మేశాక పైపు ఎవరికి?"
అప్పుడు జోయానా బేర్స్, కుర్ర ఇంజనీరు,
బల్ల మీద ఒక బకెట్టూ ఒక గరిటే పెట్టింది.
"ఇల్లు వదిలే నీళ్ళు ఇన్ని. ఉచ్చ ఇంత.
ముప్పాతిక విషం ఈ గరిటెలోనే.
గరిటె ఆపలేక బకెట్టు మోస్తారా?"
ఉచ్చ అన్నందుకు
పెద్దమనుషులంతా బడిపిల్లల్లా కిసుక్కుమన్నారు.
పదకొండు ఓట్లతో గట్టెక్కింది.

ఏటి గట్టున కందకం తవ్వి చెక్కపొట్టు నింపాం.
అందులో కాపురం పెట్టిన సూక్ష్మజీవులు
నత్రజనిని మింగి గాలిలోకి వదిలేస్తాయట.
నీళ్ళలో ఆయిస్టర్ల సంచులు కట్టాం,
తాగి, వడపోసి, జీతం అడగవు.
వేసవికి మాత్రమే వచ్చే ఒకాయన
కిటికీలోంచి నల్ల సంచులు కనిపిస్తున్నాయని
లాయరు నోటీసు పంపాడు.

ఈ ఏడు లెక్క చూస్తే
ఏరు ఏమీ మారలేదు.
జోయానా మ్యాపు పరిచి వేలు పెట్టింది:
"మీ తాతగారిల్లు ఇదేగా? ఏటికి రెండు మైళ్ళు.
ఇరవై తొమ్మిదేళ్ళ నడక."
తాత పోయి ఇరవై ఎనిమిది.

అంటే స్కాలప్‌లు లేవని తిట్టుకుంటూ
ఆ చివరి శీతాకాలం ఆయన తాగిన కాఫీ
ఇప్పుడు, ఈ వారం, ఏట్లోకి దిగుతోంది.
పోయినవాళ్ళంతా ఇసుక కింద వరసలో ఉన్నారు.
ఎవర్నీ వెనక్కి పొమ్మనలేం.

ఇలీన్ అడిగింది, ఇక నీళ్ళొదులుకోవడమేనా అని.
నాకు జవాబు తట్టలేదు. గొట్టం చుట్టాను.

చివరి ఇల్లు నాదే.
పంతొమ్మిది గ్యాలన్లు, పుస్తకంలో రాసుకున్నాను.
రేపు ఎండుగడ్డి రైతు పొలానికి.
ఇరవై తొమ్మిదేళ్ళకి
ఈ పంతొమ్మిదీ ఏటికి చేరవు.
చేరలేదని ఎవరూ గమనించరు.
ప్రూడెన్స్ ఇచ్చిన నిమ్మకేకు సీటు మీద ఉంది,
చేతులు కడుక్కుని తినాలి.