ఎండకంటే ముందు

కావలి ట్రంకు రోడ్డు మీద మా బోరులో
నీళ్లు చూడ్డానికి కొబ్బరినీళ్లే.
నోట్లో పోసుకుంటే తెలుస్తుంది.
కారు మీద వదిలేస్తే ఇంకా బాగా తెలుస్తుంది:
బానెట్టంతా సుద్దచుక్కలు,
అమ్మవారు పోసి మానిన మొహంలా.

"కడగడం ఎవుడైనా కడుగుతాడు రా అబ్బయా,
తుడవడంలో ఉండాది పని"
అంటాడు మస్తానయ్య, పదిహేనేళ్లుగా
అదే స్టూలు మీద కూర్చోని.

చివరి నీళ్లకి పైపు మూతి పీకెయ్యాలి.
చిమ్మకూడదు. కప్పు మీంచి ఒకే రేకులా
జారిపోనియ్యాలి. పోతా పోతా
సగం చుక్కల్ని అదే వెంట తీసుకుపోద్ది.
మిగతాది గుడ్డ పని.
గుండ్రంగా రుద్దావో, ఎండలో సాలెగూళ్లు.
పరిచి, రెండు కొసలు పట్టుకుని నీ వైపు లాక్కో,
పసిబిడ్డ కింద పొత్తిగుడ్డ తీసినంత మెల్లగా.
పిండు. మళ్లీ పరువు.
పాత పంచెలొద్దు, జరీ అంచు గీస్తుంది.
టైర్లు తుడిచిన గుడ్డ పైకి రాకూడదు,
ఎన్నిసార్లు ఉతికినా సరే.
ఆనక బ్రేకులు నొక్కుతా ఒక చుట్టు తిప్పు,
తడిగా పండుకుంటే తెల్లారేసరికి తుప్పు.

కొందరు తుడవనివ్వరు.
"హైవే ఎక్కితే అదే ఆరిపోద్దిలే" అని
ముసునూరు టోల్‌గేటు దాకా తొక్కుతారు.
ఆరుద్ది, నిజమే.
నీళ్లు పోతాయి. నీళ్లలో ఉండేది పోదు.

ఆ మాట నాకు మస్తానయ్య చెప్పలా.
మా అమ్మ చెంచమ్మ ఇస్కపల్లి ఉప్పుకయ్యల్లో
ముప్పై ఏండ్లు చేసింది దీనికి తలకిందుల పని:
నీళ్లు పెట్టడం, ఎండకి వదిలెయ్యడం,
ఎవుర్నీ తాకనియ్యకపోవడం.
ఆమె మబ్బు పడితే తిట్టేది. నేను ఎండని తిడతా.
తెల్లంగా తేలితే ఆమెకి కూలి.
తెల్లంగా తేలితే నాకు కోత.

నిన్నొక నల్లకారొచ్చింది, చీమకుర్తి రాయిని
సానబట్టినంత నలుపు. కరెంటు లేదు,
బ్లోయరు మూగది. తడికెల కింద చోటు చాలక
సగం బండి ఎండలో.
నేను కప్పు నుంచి డిక్కీకి వచ్చేలోపే
ఎడం తలుపుని ఎండ తుడిచేసింది.
మళ్లీ నీళ్లు, మళ్లీ గుడ్డ.

అన్నీ అయినాక, పక్క అద్దం చెవి వెనకనుంచి
ఒక చుక్క. ఎప్పుడూ అంతే, దాచుకుని దాచుకుని
తాళాలు ఇచ్చేటప్పుడు కారుద్ది.
తలుపు పిడి దాకా జారి, ఆగి, ఆరి,
తెల్లటి అంచు కట్టింది.

వేలితో తీసి
ఎందుకో నాలిక్కి రాసుకున్నా.
చిన్నప్పుడు ముద్దలు పెట్టేటప్పుడు
ఆమె వేళ్లు ఉప్పగానే ఉండేవి.
కూరలో ఉప్పు తక్కువని ఒక్కనాడూ తెలియలా.

"ఏం చేస్తుండావయ్యా?" అన్నాడు కారాయన.
"ఏం లేదు సార్. ఇంకొంచెం కారతా ఉండాది.
ఒక్క నిమిషం,
తలుపులు తెరిచి పెట్టండి."