ఏడో గుడ్డు

పదకొండేళ్ళుగా ఈ దీవిలో టపా వ్యాను నాదే.
ఓడ దిగిన అట్టపెట్టెలు,
లోపల వస్తువు పిడికెడు, చుట్టూ గాలిసంచులు బోలెడు,
గుమ్మం గుమ్మానికీ మోసి
సంతకం పెట్టించుకుని వస్తాను.

కొండ మలుపులో డోలీనా కొట్టు.
కొట్టంటే, ఓ పాత ఫ్రిజ్జు.
కరెంటు లేదు, తలుపుకి తాడు,
గాలికి పడిపోకుండా నెత్తిన రెండు రాళ్ళు.
దాన్ని దాటి ఎన్నిసార్లు వెళ్ళానో,
ఆరు వేలు పైమాటే.
ఒక్కసారీ ఆగలేదు.
ఆగితే ఓడ తప్పుతుందని పైకి చెప్పే సాకు.
అసలు సంగతి,
మనిషి లేని చోట బేరమేమిటని.

అక్టోబరులో ఆగాను.
వదిన మర్సాలీకి యాభయ్యో పుట్టినరోజు.
నేను తెప్పించిన పింగాణీ కూజా
నా వ్యానులోనే, నా చేతుల్లోనే
గలగలమంది.

తాడు విప్పాను.
గుడ్లు. ఇసక వదలని క్యారట్లు.
హెదర్ పూల తేనె, అడుగున ఒక ఈగ రెక్కతో సహా.
కడలి నాచు కలిపి కోసిన సబ్బుముక్కలు,
ఏ రెండూ ఒక్క కొలత కాదు.
బండల మీది పాచితో రంగేసిన మేజోళ్ళు,
తుప్పుకీ తేనెకీ మధ్య రంగు.
సేంద్రియమని ముద్ర ఎక్కడా లేదు,
గుడ్డుకంటిన రెట్ట తప్ప.
బిస్కట్ల డబ్బాలో చిల్లర, ఒక కోటు గుండీ,
"బుధవారం ఇస్తాను" అని రూరీ రాసిన చీటీ.
ఏ బుధవారమో రాయలేదు.

ఆరు గుడ్ల అట్ట మీద
పచ్చి ఉన్నిలో చుట్టి ఇంకో గుడ్డు.
ఎవరో మరిచారనుకుని తీసి లోపల పెట్టేశాను.
వ్యాను కదిలిందో లేదో
తడి నాచు బకెట్టుతో ఒడ్డు ఎక్కి వస్తూ
డోలీనా చెయ్యి అడ్డం పెట్టింది.
"కొసరు వదిలేసి పోతావేం?"

అంతే మాట్లాడింది.
వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాను.

టపాదాన్నయి ఉండీ, బుద్ధి లేక,
అన్నీ కలిపి వదినకి టపాలోనే పంపాను.
ఫోన్లో నవ్వాపుకోలేకపోయింది మర్సాలీ.
ఆరూ పగిలి మేజోళ్ళు తడిశాయట,
ఉన్నిలోది మాత్రం చెక్కు చెదరలేదట.

ఫిబ్రవరిలో డోలీనా పోయింది.
శవపేటికను మోసిన ఎనిమిదిమందీ
గాలికి ఎదురొంగి నడిచారు.
ఆ మలుపు దగ్గర
ఫ్రిజ్జు వైపు చూడకుండా తల తిప్పుకున్నాను.

సోమవారం చూడక తప్పలేదు.
తాడు కొత్తది.
గుడ్లు ఉన్నాయి.
అట్టముక్క మీద ధర, కింద "గుడ్లు 7".
ఏడు నడుముకి ఒక అడ్డగీత.
డోలీనా ఏడుకి ఎప్పుడూ గీత లేదు.

ఉత్తరాలు మోసేదాన్ని,
చేతిరాతలు నాకు ముఖాల్లాంటివి.
ఆ గీతని నెలనెలా చూస్తున్నాను,
క్లైపేడాలోని తల్లికి వెళ్ళే పొట్లాల మీద,
కస్టమ్స్ కాగితంలో తూకం రాసే చోట.
చేపల పెంపకంలో పని, పేరు వైదాస్.
దీవిలో మూడేళ్ళు,
అతనితో నా మాటలు మొత్తం కలిపితే మూడు.

నాలుగో మాట నేనే అడిగాను.
"డబ్బులు ఎవరికి?"
రబ్బరు చేతితొడుగు ఊడదీస్తూ
చాలాసేపు ఆలోచించాడు.
"కోళ్ళకి" అన్నాడు.

ఇప్పుడు ఓడ తప్పినా ఆగుతున్నాను.
వ్యాను వెనక గాలిసంచుల పెట్టెలు
ఒకదాని మీదొకటి గునుస్తుంటాయి.
ఈవేళ జేబులో చిల్లర లేదు.
డబ్బాలోని చీటీల వెనకే రాశాను,
"బాకీ 7 పౌండ్లు, బుధవారం."
మడతపెట్టబోతూ చూసుకుంటే
నా ఏడు నడుముకీ
అడ్డగీత.