ఎడమకి లాగే పడవ

కళింగపట్నం ఇసుకలో
నా షెడ్డుకు సముద్రమంటే నీలం డ్రమ్ము.
ఏ ఇంజినైనా ముందు అందులోనే ఈదాలి.

బడి కోర్లయ్య మూడోసారి వచ్చాడు.
"ఎడమకి నాగేస్తంది బాబూ, సుక్కాని మాటినదు."
స్టీరింగ్ కేబులు విప్పి గ్రీజు పెట్టాను.
ఫ్యాను రెక్కలు వేలితో తడిమాను, వంకర లేదు.
త్రాటిల్ తిప్పితే డ్రమ్ము నీళ్ళు
నా మొహాన కొట్టాయి, నిక్షేపంగా.

అయినా లాగుతోందంటే
ఈత రాని నేను పడవెక్కాను.
అలలు దాటాక కనిపించింది
కుడి బల్ల, ఖాళీగా.
"ఇక్కడెవరు కూచునేవారు?"
"తమ్ముడు. యెరావలెల్లిపోనాడు."

ఒడ్డుకొచ్చి రెండు బస్తాల ఇసుక
కుడిపక్కన వేయించాను.
తిన్నగా పోతోందట. ఎంతిమ్మంటావన్నాడు.
ఇసుకకి ఏం లెక్క కట్టను!

నిన్న చూస్తే
పై బస్తా మీద
తువ్వాలు పరిచి ఉంది.