పిన్నీసు

అమ్మ నల్లపూసలకి ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడేది.
కొరుక్కుపేట రైలుగేటు దగ్గర చెప్పుల్లేకుండా ఆడి
మేం ఇంటికి మోసుకొచ్చే ప్రతి ముల్లుకీ, గాజుపెంకుకీ
అదే వైద్యం.
ట్యూబ్‌లైటు కింద కాలు ఒళ్ళో పెట్టించుకుని
"కదిలావంటే చూడు" అని
గుచ్చి, లేపి, నోటితో ఉఫ్‌మని ఊది,
కొంగుకి తుడిచి
మళ్ళీ మెడలోకి.
ముందు నా కాలు, తర్వాత కుముద కాలు,
ఆఖర్న తన వేలు.
చీరలకి ఫాల్స్ కుట్టే చేతికి
సూది చుట్టపుచూపుగా రాదు,
కాపురమే ఉంటుంది.

ఇదంతా నాకు గుర్తొచ్చింది
కాలేజీలో రక్తమిచ్చిన పదోరోజున.
బిస్కెట్లూ సర్టిఫికెట్టూ ఇచ్చి నవ్విన మనుషులే
ఫోన్లో గొంతు తగ్గించి
"ఒక్కసారి వచ్చి వెళ్ళమ్మా" అన్నారు.
హెపటైటిస్ బి.
ఒకటో తరగతి నుంచీ నేను బి సెక్షనే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తమిళంలో చెప్పింది,
నాన్న తెలుగులో భయపడ్డాడు.
"కామెర్లేగా? కీళానెల్లి పసరు పోస్తే పోదూ?"
పోదట.
కళ్ళు పచ్చబడనివ్వకుండా
ఏళ్ళకేళ్ళు కాలేయంలో
అద్దె కట్టకుండా కూర్చుంటుందట.
"ఇంట్లో అందర్నీ తీసుకురండి."

అమ్మకి ఉంది.
కుముదకి ఉంది.
నాన్నకి ఎప్పుడో వచ్చి, తనకే తెలీకుండా పోయింది.
తమ్ముడు లోకుకి లేదు.
వాడొక్కడే రాయపురం ఆసుపత్రిలో పుట్టాడు,
బొడ్డు కోసిన పూటే తొడమీద సూది పడింది.
మేమిద్దరం ఆరంబాక్కంలో
మంత్రసాని చేతుల్లో పడ్డాం.
ఆమె చేతులు మంచివే. ఆ సూదే లేదు.

"అయితే నేనే ఇచ్చానా?"
అమ్మ అడిగింది డాక్టర్ని కాదు,
బల్లమీది గాజు పేపర్‌వెయిట్‌ని.
"పుట్టినప్పుడు కావచ్చు, పెంచినప్పుడు కావచ్చు.
నెత్తురు మీద తపాలా ముద్ర ఉండదమ్మా.
మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు."

బస్సులో అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
నలభై ఐదుకే కడుపు ఉబ్బి పోయిన అమ్మమ్మ.
చేతబడి అన్నారు.
అలాగే పోయిన మునస్వామి మావయ్య.
తాగుబోతు అన్నారు.
ఆయన గోలీసోడాకే తుమ్మేవాడు.
మింట్ స్టాపు దాటేసరికి
ఆ ఇద్దరి మీదా ఉన్న నింద
ఎవరూ చూడకుండా దిగిపోయింది.

నాన్న అయిదు బ్రష్షులు కొని
నెయిల్‌పాలిష్‌తో పేర్లు రాశాడు.
నా పేరులో ఒత్తు మర్చిపోయాడు.
గోళ్ళకత్తెరలు విడివిడిగా, గీసుకునే బ్లేడు తనదొక్కటే,
పుండు మీద ప్లాస్టర్,
ఆరునెలలకోసారి మా ముగ్గురికీ రక్తపరీక్ష.
ఇంతే చెప్పారు.
కంచాలు వేరు చెయ్యమని ఎవరూ చెప్పలేదు.
అమ్మే చేసుకుంది.
సత్తుకంచం, సత్తుగ్లాసు, తలుపువార మూల.
లోకుని ముద్దుపెట్టుకోడం కూడా మానేసింది.

మూడోరోజు రాత్రి
కుముద ఆ మూలకి వెళ్ళి కూలబడి
అమ్మ కంచంలోంచే రసంఅన్నం కలుపుకు తిని,
మింగేశానని నోరు తెరిచి చూపించింది,
మాత్ర వేసుకున్న పిల్లలా.
"ఎంగిలికి రాదన్నారు కదే!
విన్లేదా? నీకు చెవుడూ వచ్చిందా?"
అమ్మ కొట్టడానికి చెయ్యెత్తి
ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీక
దాని జుట్టు సవరించింది.

నిన్న లోకు కుంటుకుంటూ వచ్చాడు.
అలవాటుగా కాలు ఒళ్ళో పెట్టాడు.
అమ్మ చెయ్యి మెడ దగ్గరికెళ్ళి
ఖాళీ పూసల్ని తడిమింది.
పిన్నీసు ఎక్కడ పారేసిందో
ఇప్పటికీ చెప్పదు.
నేను కొత్త సూది ప్యాకెట్టు చింపి అందించాను.
కళ్ళజోడు పెట్టుకుంది.
"కదిలావంటే చూడు."
ముల్లు వచ్చేసింది.
ఊదలేదు.
వాడు కాలు తియ్యకుండా
అలాగే కూర్చున్నాడు, ఊదేదాకా.